శుక్రకణాన్ని గుడ్డు నిజంగా లాగుతుందా?

మీరు అడిగినది ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో మూడు సందేహాలు ఉన్నాయి. సముద్రజీవుల్లో చాలా వాటికి సంపర్కం ఉండదు, అండాలనూ వీర్యాన్నీ నేరుగా నీళ్లలోకి వదిలేస్తాయి. అంత నీటిలో శుక్రకణం గుడ్డును ఎలా కనుక్కుంటుందన్నది మొదటిది. గుడ్డు విడుదల చేసే రసాయనం శుక్రకణాన్ని ఎంత దూరం నుంచి లాగగలదన్నది రెండోది. ఒక జాతి గుడ్డు వాసనకు ఇంకో జాతి శుక్రకణం మోసపోదా అన్నది మూడోది. రెండో ప్రశ్నలో మీరు వాడిన "లాగగలదు" అన్న మాట దగ్గరే ముందు ఆగుతాను. పాఠ్యపుస్తకాలు కూడా "ఆకర్షణ" అనే రాస్తాయి కాబట్టి తప్పు మీది కాదు, కానీ ఆ మాట మనసులో ఉన్నంతసేపు ఈ విషయం అర్థం కాదు.

అయస్కాంతం ఇనుమును లాగినట్టు గుడ్డు శుక్రకణాన్ని లాగదు. గుడ్డు నుంచి వెలువడే అణువులకు శుక్రకణాన్ని కదిలించేంత బలమేమీ లేదు. ఆ అణువులు చేసే పనల్లా శుక్రకణం తోక వంపును మార్చడం. ఈదే శక్తి ముందునుంచే శుక్రకణానిది. ఆ ఈతను ఏ క్షణంలో మలుపు తిప్పాలి, ఏ క్షణంలో తిన్నగా పోనివ్వాలి అన్నదే సంకేతం నిర్ణయించేది. శాస్త్ర పరిభాషలో దీన్ని రసాయన అనుచలనం అంటారు. సంకేతం తగిలినప్పుడు దిశతో నిమిత్తం లేకుండా వేగమో చురుకుదనమో మారితే అది వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకూడదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఈ రంగంలో కొన్ని దశాబ్దాల పాటు గందరగోళం నడిచింది, నేనూ ఒకసారి అందులో పడ్డాను.

ఒళ్లంతా ముళ్లతో బంతిలా ఉండే సీ అర్చిన్లు ఈ పరిశోధనకు ఆధారమైన జీవులు. విశాఖ తీరంలో ఆటు సమయంలో బయటపడే రాళ్ల సందుల్లో నల్లటివి కనిపిస్తాయి, మీరు చూసే ఉంటారు. ప్రయోగశాలలో వీటితో పని తేలిక. నోటి చుట్టూ ఉండే మెత్తని పొరలోంచి పొటాషియం క్లోరైడ్ ద్రావణాన్ని సిరంజితో ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లో జీవి తన దగ్గర ఉన్నదంతా వదిలేస్తుంది. పైభాగంలోని సన్నని రంధ్రాల నుంచి మగదైతే చిక్కని పాలవంటి ద్రవం వస్తుంది, ఆడదైతే సన్న రవ్వలాంటి గుడ్లు వస్తాయి. ఆ పాలవంటి వీర్యాన్ని నీరు కలపకుండా మంచు మీద ఉంచితే గంటల తరబడి పనికివస్తుంది. అందులోంచి సూదిమొన మీద నిలిచేంత తీసుకుని సముద్రపు నీటిలో కలిపి, గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, శుక్రకణాలన్నీ గాజు ఉపరితలం దగ్గర గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతుంటాయి, అదీ దాదాపు అన్నీ ఒకే వైపు. తోక సెకనుకు నలభై యాభై సార్లు కొట్టుకుంటుంది, ఒక చుట్టుకు సెకను అటూ ఇటూ పడుతుంది. గాజు అడ్డం లేని లోతు నీటిలో అదే చుట్టు స్ప్రింగులా సాగి మెలికల దారి అవుతుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. గుడ్లు కొంతసేపు నానబెట్టిన నీటిని సన్నని గాజు గొట్టంతో ఆ పలక మీద ఒక మూల వదిలాను. కాసేపటికి అక్కడ శుక్రకణాలు దట్టంగా చేరాయి. ఆకర్షణను కళ్లారా చూశానని సంబరపడి నోటుపుస్తకంలో రాసేసుకున్నాను. మా ప్రయోగశాలలో పెద్దాయన ఒకరు వచ్చి చూసి, అవి అక్కడికి కావాలని వచ్చాయో, తిరుగుతూ తిరుగుతూ వచ్చి అక్కడ ఇరుక్కుపోయాయో ఈ ఒక్క చూపుతో ఎలా చెబుతావని అడిగారు. నిజమే, గాజుకు అతుక్కుపోయే చోటా, వేగం తగ్గిపోయే చోటా కూడా కణాలు పోగుపడతాయి. పోగుపడటం వేరు, దారి మళ్లించుకుని రావడం వేరు. ఒక్కొక్క శుక్రకణం నడిచిన గీతను క్షణక్షణం నమోదు చేసి, మలుపు ఎక్కడ పడుతోందో చూస్తే తప్ప రెంటినీ వేరు చేయలేం.

ఈ రంగం చరిత్ర కూడా ఇంచుమించు ఇలాగే నడిచింది. ఫెర్న్ మొక్కల శుక్రకణాలు మాలిక్ ఆమ్లం వైపు మళ్లుతాయని విల్‌హెల్మ్ ఫెఫర్ 1884లోనే చూపించారు. జంతువుల విషయంలో మాత్రం అంత స్పష్టత రావడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రాంక్ లిల్లీ 1910ల తొలి సంవత్సరాల్లో సీ అర్చిన్ గుడ్లు నానిన నీటిలో శుక్రకణాలు గుంపులుగా అతుక్కుపోవడం గమనించి, అందుకు కారణమైన పదార్థానికి ఫెర్టిలైజిన్ అని పేరు పెట్టారు. అది గుంపు కట్టడమే కానీ దారి పట్టడం కాదు. 1966లో రిచర్డ్ మిల్లర్ హైడ్రాయిడ్ అనే, జెల్లీఫిష్‌లకు దగ్గరి చుట్టాలైన చిన్న జీవుల్లో శుక్రకణాలు మలుపులు తీసుకుంటూ గమ్యం వైపు రావడాన్ని నమోదు చేశాక గానీ జంతువుల్లో ఇది ఉందన్న మాటకు గట్టి బలం చేకూరలేదు. ఆ తరువాత ఆయన ఎన్నో సముద్రజీవుల వర్గాలను ఇలాగే పరీక్షిస్తూ పోయారు.

రసాయనం ఏమిటన్నది 1980లలో తేలింది. సీ అర్చిన్ గుడ్డు చుట్టూ జిగురు పొర ఉంటుంది, అందులోంచి చిన్న పెప్టైడ్లు నీటిలోకి ఊరుతుంటాయి. స్పెరాక్ట్ అన్నది పది అమినో ఆమ్లాల గొలుసు, 1981లో వెలుగులోకి వచ్చింది. ఆర్బేసియా పంక్టులేటా అనే జాతి గుడ్ల నుంచి తీసిన రెసాక్ట్ పద్నాలుగు అమినో ఆమ్లాలది. 1985లో వార్డ్, బ్రోకా, గార్బర్స్, వాకియర్ కలిసి, రెసాక్ట్ చుక్క చుట్టూ ఆర్బేసియా శుక్రకణాలు నిజంగానే దారి మళ్లించుకుని చేరుతాయని, నీటిలో కాల్షియం తగినంత లేకపోతే ఆ మళ్లింపు జరగదని నిరూపించారు. కాల్షియం సంగతి గుర్తుంచుకోండి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు లోపల జరిగేది చెబుతాను. రెసాక్ట్‌ను పట్టుకునే గ్రాహకాలు శుక్రకణం తల మీద కాదు, తోక మీద ఉంటాయి, అవి లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక అణువు వచ్చి గ్రాహకానికి అంటుకోగానే ఆ గ్రాహకం లోపలి భాగం ఎంజైమ్‌గా పనిచేసి సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. దానివల్ల పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి, పొటాషియం అయాన్లు బయటికి పోతాయి, త్వచం లోపలి వైపు మరింత ఋణావేశితమవుతుంది. ఆ మార్పు వల్ల లోపలి ఆమ్లత తగ్గుతుంది, ఆపై క్యాట్‌స్పర్ అనే కాల్షియం ద్వారాలు తెరుచుకుని బయటి కాల్షియం లోపలికి వస్తుంది. ఈ మొత్తం గొలుసు సెకనులో కొద్ది భాగంలోనే పూర్తవుతుంది. కాల్షియం పెరిగినప్పుడు తోక రెండు వైపులా సమానంగా కొట్టుకోవడం మానేసి ఒక పక్కకు ఎక్కువగా వంగుతుంది, కణం గిరుక్కున తిరుగుతుంది. కాల్షియం తగ్గుతున్నప్పుడు కొట్టుకోవడం మళ్లీ సమంగా మారి కణం కొంత దూరం తిన్నగా పోతుంది. ఒక మలుపు, ఒక పరుగు, మళ్లీ ఒక మలుపు. లోపల కాల్షియం ఎంత ఉందన్నదానికంటే అది ఎంత వేగంగా మారుతోందన్నదే వంపును నిర్ణయిస్తుందని 2012లో వచ్చిన పరిశోధన చూపింది.

జర్మనీలో బెంజమిన్ కౌప్ బృందం రెసాక్ట్‌కు ఒక రసాయన సంకెల తగిలించి, అతినీలలోహిత కాంతి మెరుపుతో ఆ సంకెలను తెంచి, కావలసిన క్షణంలో కావలసిన చోట దాన్ని విడుదల చేసే పద్ధతిని వాడింది. ఒకే ఒక్క రెసాక్ట్ అణువు అంటుకున్నా శుక్రకణం స్పందించగలదని 2003లో వాళ్లు ప్రకటించినప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. అసలు ఇంతటి సున్నితత్వం ఎందుకు అవసరమో తరువాతి లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

శుక్రకణం తల కొద్ది మైక్రోమీటర్లు మాత్రమే, తోకతో కలిపినా యాభై మైక్రోమీటర్ల పైచిలుకు. ముందు వైపు గాఢత ఎంత, వెనుక వైపు ఎంత అని ఒకే క్షణంలో పోల్చుకోవడానికి ఆ నిడివి చాలదు. బజ్జీల బండి ఏ వీధిలో ఉందో తెలియనప్పుడు మనం ఏం చేస్తాం? నాలుగడుగులు వేసి వాసన పెరిగిందా తగ్గిందా అని చూసుకుంటాం. శుక్రకణం కూడా చోటుతో చోటును పోల్చదు, క్షణంతో క్షణాన్ని పోలుస్తుంది. గుండ్రంగా తిరగడంలోని ప్రయోజనం ఇక్కడ బయటపడుతుంది. ప్రతి చుట్టులోనూ సగం దూరం గుడ్డు వైపుకు, సగం దూరం గుడ్డుకు ఎడంగా పోతుంది కాబట్టి తోకకు తగిలే అణువుల సంఖ్య చుట్టుకొకసారి పెరిగి తగ్గుతుంది, దానికి తగ్గట్టే కాల్షియం చుట్టుకొకసారి లేచి పడుతుంది. సంకేతం తగలడానికీ తోక వంగడానికీ మధ్య ఉన్న చిన్న ఆలస్యం వల్ల మలుపు ప్రతిసారీ ఆ చుట్టులో ఒకే వైపు పడుతుంది, ఫలితంగా వలయం కేంద్రం కొంచెం కొంచెంగా గుడ్డు వైపు జరుగుతుంది. ఆ ఆలస్యమే తేడాగా ఉంటే ఇదే యంత్రాంగం కణాన్ని ఇంకో వైపుకు నడిపించేది.

ఇది ఒక్క సీ అర్చిన్ల పద్ధతి అనుకోకండి, అలాగని అన్నింటిదీ ఇదే యంత్రాంగమనీ అనుకోకండి. రాళ్లకూ పడవల అడుగులకూ అంటుకుని పెరిగే సియోనా అనే సంచిలాంటి జీవి గుడ్డు విడుదల చేసేది పెప్టైడ్ కాదు, సల్ఫేటు తగిలించిన స్టెరాయిడ్. జపాన్‌లో మనాబు యోషిదా బృందం దాని నిర్మాణాన్ని 2002లో తేల్చింది. సియోనా శుక్రకణంలో కాల్షియం ఎగసేది గాఢత పెరిగినప్పుడు కాదు. వలయంలో గాఢత అతి తక్కువకు పడిపోయే బిందువు దగ్గర, అంటే గుడ్డుకు ఎడంగా పోతున్న దారి చివర, కాల్షియం ఒక్కసారిగా లేచి కణం వెనక్కి మళ్లుతుందని 2008లో షిబా, యోషిదా తదితరులు చూపించారు. ఒకచోట "దగ్గరవుతున్నావు" అన్న సంకేతంతో, ఇంకోచోట "దూరమవుతున్నావు" అన్న సంకేతంతో రెండూ ఒకే పని సాధిస్తున్నాయి. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఇదే.

కాల్షియం లేచినంత మాత్రాన దారి పట్టినట్టు కాదన్న సంగతి కూడా చెప్పాలి. స్పెరాక్ట్ తగిలితే శుక్రకణాల్లో కాల్షియం లేవడం ఎప్పుడో తెలుసు, అయినా ఆ పెప్టైడ్ వైపు శుక్రకణం నిజంగా నడుస్తుందని లైటెకైనస్ పిక్టస్ అనే జాతిలో గట్టిగా రుజువైంది 2010లోనే. దాదాపు మూడు దశాబ్దాల ఎడం అది. కాల్షియం లేచే సమయం వలయంలో సరైన చోట పడాలి, గాఢత తగినంత వాలుగా మారుతూ ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే కణం ఉన్నచోటే మెలికలు తిరుగుతుంది.

ఇక దూరం సంగతికి వస్తాను. రెసాక్ట్ వంటి చిన్న అణువు నిశ్చలమైన నీటిలో తనంతట తాను వ్యాపిస్తూ మిల్లీమీటరులో పదో వంతు దూరం పోవడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. వ్యాపనంలో దూరం పది రెట్లైతే కాలం నూరు రెట్లవుతుంది కాబట్టి ఒక మిల్లీమీటరుకు అర గంట దాకా పట్టవచ్చు. ఈలోగా అలలు నీటిని కలిపేస్తాయి. అంటే గుడ్డు చుట్టూ దాని వాసన ఉండే ప్రాంతం గుడ్డు వ్యాసానికి కొన్ని రెట్లు మాత్రమే. మీటరు అవతల ఉన్న శుక్రకణానికి ఆ గుడ్డు ఉన్నట్టే తెలియదు. ఆ మీటరును దాటించేది అలలూ ప్రవాహాలూ, ఆడ మగ జీవులు ఒకేసారి ఒకేచోట విడుదల చేయడమూను. గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఎన్నో జాతుల పగడాలు ఏడాదిలో కొన్ని రాత్రుల్లోనే కలిసికట్టుగా బీజాలను వదలడం ఇందుకు పెద్ద ఉదాహరణ. రసాయన సంకేతం పని ఆఖరి అంగుళం కూడా కాదు, ఆఖరి మిల్లీమీటరు.

అయితే ఆ మిల్లీమీటరు తక్కువదేమీ కాదు. కాలిఫోర్నియా తీరంలోని రెడ్ అబలోన్ అనే పెద్ద నత్తల మీద రిఫెల్, క్రుగ్, జిమ్మర్ చేసిన పని దీన్ని బాగా చూపుతుంది. అబలోన్ గుడ్డు వ్యాసం మిల్లీమీటరులో అయిదో వంతు. అది విడుదల చేసే సంకేతం పెద్ద అణువేమీ కాదు, ట్రిప్టోఫాన్, మన ఆహారంలోనూ ఉండే మామూలు అమినో ఆమ్లం. ఆ ట్రిప్టోఫాన్‌ను ఎంజైమ్‌తో నాశనం చేస్తే శుక్రకణాల దారి మళ్లింపు పోయింది. సంకేతం ఉన్నంతసేపు శుక్రకణానికి గుడ్డు దాని అసలు పరిమాణం కంటే పెద్ద లక్ష్యం అవుతుంది, వృత్తంలో తగలాల్సిన బాణానికి ఆ వృత్తాన్ని పెద్దది చేసి గీసినట్టు. జిమ్మర్, రిఫెల్ 2011లో నీటి ప్రవాహాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చూశారు. మెల్లని ప్రవాహంలో ఫలదీకరణ అత్యధికంగా జరిగింది. నీటి కోత, అంటే పక్కపక్క నీటి పొరలు వేర్వేరు వేగాలతో జారడం, పెరిగేకొద్దీ వాసన చెదిరిపోయి, శుక్రకణం ఈతకు ప్రవాహం అడ్డుపడి, ఆ లాభం కరిగిపోయింది. అందుకే గాజుపాత్రలో కనిపించిన ఫలితాన్ని యథాతథంగా సముద్రానికి అన్వయించడం నాకు ఇష్టం ఉండదు.

దారి చూపడానికి ముందు ఇంకో మెట్టు ఉంది, అది శుక్రకణాన్ని మేల్కొలపడం. వృషణంలో ఉన్నప్పుడు సీ అర్చిన్ శుక్రకణం కదలదు. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, దానివల్ల కణం లోపల ఆమ్లత ఎక్కువ, తోకను కదిలించే మోటారు ప్రోటీను ఆ స్థితిలో పనిచేయదు. సముద్రపు నీటిలో పడగానే ఆమ్లత తగ్గి తోక కొట్టుకోవడం మొదలవుతుంది. పసిఫిక్ హెర్రింగ్ చేపలో ఈ మేల్కొలుపు మరీ ఆలస్యం: శుక్రకణం సముద్రపు నీటిలో పడినా కదలకుండా ఉండి, గుడ్డు పైపొరలోని సన్నని ప్రవేశరంధ్రం దగ్గరికి చేరితేనే చైతన్యం తెచ్చుకుంటుంది. దాని గుడ్లు అడుగున నాచుకూ రాళ్లకూ అతుక్కుని ఉంటాయి, వాటిచుట్టూ నీరు వీర్యంతో పాలలా తెల్లబడుతుంది. అలాంటి చోట శక్తిని దాచుకుని ఎదురుచూడటమే లాభం.

సంకేతం ఎప్పుడూ గుడ్డు నుంచే రావాలన్న నియమమూ లేదు. జపాన్ తీరంలోని ఒక జాతి స్క్విడ్‌లో రెండు రకాల మగవి ఉంటాయి. పెద్దవి ఆడదాని శరీరం లోపల వీర్యాన్ని ఉంచుతాయి, చిన్నవి దొంగచాటుగా వచ్చి నోటి దగ్గర ఉంచిపోతాయి. ఈ చిన్న మగవాటి శుక్రకణాలు శ్వాసలో తామే విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టి ఒకదాని దగ్గరికి ఒకటి చేరి గుంపు కడతాయని 2013లో హిరోహాషి బృందం ప్రకటించింది. పెద్ద మగవాటి శుక్రకణాలు అలా చేయవు. ఒకే జాతి, వీర్యాన్ని ఉంచే చోటు వేరు కావడంతో శుక్రకణం ప్రవర్తన కూడా వేరైంది.

మీ మూడో సందేహానికి ఏకవాక్య సమాధానం లేదు. రెసాక్ట్ తగిలితే ఆర్బేసియా శుక్రకణం స్పందిస్తుంది, స్పెరాక్ట్‌కు స్పందించదు, స్పెరాక్ట్ జాతుల శుక్రకణాలకు రెసాక్ట్‌తో పనిలేదు. అక్కడ తాళం చెవులు వేరువేరు. కానీ అదే స్పెరాక్ట్ జపాన్ జాతి హెమిసెంట్రోటస్‌లోనూ, అమెరికా పశ్చిమ తీరపు ఊదారంగు సీ అర్చిన్‌లోనూ ఒకటే. వాటి మధ్య ఒక మహాసముద్రం ఉంది కాబట్టి ఆ పోలిక వల్ల ఏ నష్టమూ లేదు. సంకేతం జాతికొకటిగా విడిపోయిన వర్గాలూ ఉన్నాయి, దగ్గరి బంధువులంతా ఒకే సంకేతాన్ని పంచుకునే వర్గాలూ ఉన్నాయి. మిల్లర్ పరీక్షల్లో ఈ రెండు ధోరణులూ కనిపించాయి. ఒకే జాతి లోపల కూడా ఎంపిక నడుస్తుంది. మధ్యధరా ఆల్చిప్పల మీద ఆస్ట్రేలియాలో జొనాథన్ ఎవాన్స్ తదితరులు చేసిన ప్రయోగాల్లో ఒకే ఆడదాని గుడ్ల రసాయనానికి వేర్వేరు మగవాటి శుక్రకణాలు ఒకేలా స్పందించలేదు. ఏ మగదానితో కలిస్తే సంతానం బాగా బతుకుతుందో దాని వైపే మొగ్గు ఎక్కువగా కనిపించింది.

పొరపాటున వేరే జాతి శుక్రకణం గుడ్డు దాకా వచ్చినా పని పూర్తయినట్టు కాదు. సీ అర్చిన్ శుక్రకణం గుడ్డుకు అతుక్కోవాలంటే తల కొనలో ఉన్న బైండిన్ అనే ప్రోటీను గుడ్డు ఉపరితలంలోని తన జత గ్రాహకానికి సరిపోవాలి. అబలోన్‌లో అయితే లైసిన్ అనే ప్రోటీను గుడ్డు పైపొరకు రంధ్రం చేయాలి, అది సొంత జాతి గుడ్డు పొర మీద పనిచేసినంత చురుగ్గా ఇతర జాతుల పొర మీద పనిచేయదు. ఈ రెండు ప్రోటీన్లూ దగ్గరి జాతుల మధ్య కూడా చాలా వేగంగా మారిపోతూ వచ్చాయి, అందువల్ల వాసన దగ్గర దాటిపోయిన తప్పును గుమ్మం దగ్గర ఇవి ఆపుతాయి.